శూల నాడు అవ్వ రైలెక్కింది

మీ ఇంట్లో కాళ్లు ఆడని పెద్దవాళ్లను యాత్రలకు తీసుకుపోయారు సరే, ఎక్కడికి పోవాలని ఉందో వాళ్లను ఒక్కసారైనా అడిగారా?

మా ధర్మవరం ఇంట్లో ఎవరూ అడగలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తొక్కి తొక్కి మా అవ్వ మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఆమెను డోలీలో కొండెక్కించి దేవుణ్ణి చూపించాలని మా నాయన పట్టుబట్టాడు.

"నన్ను మూట మాదిరి మోసుకపోతారా? ఆ పుణ్యం మోసినోళ్లదే గానీ నాదెట్లయితాది?" అంది అవ్వ. "నేను రైల్లో పెనుకొండ చూస్తా హిందూపురం పోతా. చెల్లెలింట్లో ఉండి వస్తా."

"పెనుకొండలో ఏముండాది మా?"

"కొండ ఉండాది. పెండ్లయి ఈడికి వచ్చేటప్పుడు బండిలో తలొంచుకోని కూర్చున్నా. దాన్ని తలెత్తి చూసిందే లేదు."

మెయిలు బండి వద్దంది. తాను ఒక కాలు పెట్టేలోగా అది కదులుతుందట. ఇంజను నీళ్లు పట్టుకునేదాకా ఆగే ప్యాసింజరే కావాలంది. రోజు కూడా తనే చెప్పింది, బేస్తవారం, అంటే గురువారం. నాయన అదిరిపడ్డాడు.

"బేస్తవారం దక్షిణానికి వారశూల! ఆ దిక్కు ఎవురన్నా పోతారా?"

"ఎవురూ పోరనే గదరా నేను పోయేది! కడమ దినాల్లో రైలుపెట్టెలో కాలు పెట్టే జాగా ఉంటాదా? నేను కాళ్లు చాపుకోవాల."

మూఢనమ్మకాలను ఖండించే సభలకు ఆ రోజుల్లో నేను ఎన్నింటికో పోయాను. శూలను ఇంత హాయిగా ఓడించిన వాదం ఏ వేదిక మీదా వినలేదు.

ఆ బేస్తవారం నేను పీట పట్టుకుని ఆమె వెంట స్టేషనుకు పోయాను. రైలు మెట్టు కింద పీట వేశాను. చెయ్యి ఇవ్వబోతే విదిలించింది. పీటెక్కి, వెనక్కి తిరిగి పెట్టె అంచు మీద కూర్చుంది. తర్వాత ఒక్కో కాలూ లోపలికి లాక్కుంది.

గార్డు నవ్వాడు. "ఏమవ్వా, శూల నాడు పోతాండావు?"

"నీ బండికి లేని శూల నాకెందుకప్పా?"

పీట తీసుకుని నేనూ ఎక్కాను. పెట్టె దాదాపు ఖాళీ. అవ్వ బల్ల మీద కాళ్లు బారజాపి కిటికీకి ఆనుకుంది. పెనుకొండ దగ్గరపడింది. ఎండలో కోటగోడలు, వాటిపైన నిటారుగా రాయి. కొండ వెనక్కి పోయి కనుమరుగయ్యేదాకా ఆమె తల దించలేదు.

"ఇంత పెద్దదా!" అంది చివరికి. ఆ ముఖంలోని వెలుగు ఏ గుడి మెట్ల మీదా నేను చూడలేదు.

ఈ పొద్దే మీ పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. ఎక్కడికో, ఏ బండిలోనో, ఏ రోజో వాళ్లనే చెప్పనివ్వండి. పంచాంగం మూసిపెట్టి, పీట చేతపట్టుకుని, వాళ్ల వెంట నడవండి.