నీళ్ళొస్తే మోగే గంట

గంగయ్య నిద్రపోయే పద్ధతి గురించి ముందు చెప్పాలి. అతని కొంపకి వచ్చిన చిక్కంతా అక్కడే మొదలైంది.

కాట్రేనికోన వైపు, పంట కాలువ ఆఖరున, ఉప్పుగాలి తగిలే చోట ఎకరం చేను అతనిది. అతనిది అంటే భూమి బుల్లిరాజుగారిది, చాకిరీ గంగయ్యది. కౌలు అన్నమాట. శివారు భూమికి నీళ్ళూ, పంక్తి చివర కూర్చున్నవాడికి నెయ్యీ ఒకలాంటివే. తన దాకా వచ్చేసరికి గిన్నె అడుగంటుతుంది. సార్వా పంటకి వానలుంటాయి కాబట్టి బాధ లేదు. వేసవి ముందు పండే దాళ్వాకి మాత్రం వంతులు పెడతారు. వారానికోసారి కాలువ నీళ్ళు వదిలే లస్కరు తూము ఎత్తితే, పై చేలన్నీ తాగగా మిగిలిన నీళ్ళు బోదె అనే పిల్లకాలువ వెంట పాక్కుంటూ ఎప్పటికో శివారుకి చేరతాయి. ఎప్పటికో లస్కరుకీ తెలియదు. వచ్చిన వెంటనే మడవ, అంటే గట్టుకున్న నీటిదారి, తెరిచి చేలోకి మళ్ళించుకోవాలి. ఏమరుపాటుగా ఉంటే అవి తిన్నగా మురుగు కాలువలోకి పోతాయి, ఇక మళ్ళీ వచ్చే వారమే.

అందుకని శివారు రైతులకి ఓ అలవాటుంది. వంతు రోజున గట్టు మీద తువ్వాలు పరుచుకుని, ఒక కాలు ఎండిన బోదెలోకి జారవిడిచి పడుకుంటారు. నీళ్ళొచ్చి అరికాలికి తగలగానే మెలకువొస్తుంది. గంగయ్య తండ్రీ అలాగే పడుకున్నాడు, తాతా అలాగే పడుకున్నాడు. గంగయ్యకి పెళ్ళి కాకముందు నుంచీ ఆ కాలే కాపలా.

పంతొమ్మిది వందల ఎనభై ఆరు నాటికి ఆ కాలు చెడింది. బోదకాలు. ఆ వైపు ఇంటికొకరికైనా ఉండే జబ్బే. ఉండుండి చలిజ్వరం వచ్చి మంచాన పడేసేది. కాలు వాచి వాచి, చర్మం మొద్దుబారిపోయింది. ఆ ఏడు దాళ్వాలో ఒక వంతుకి నీళ్ళు వచ్చి, ఆ కాలిని తడిపి, దాటి వెళ్ళిపోయాయి. గంగయ్యకి తెలియలేదు. లేచి చూసుకుంటే కాలంతా బురద, చేలో చుక్క లేదు. అంత మనిషీ గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చద్దన్నం పట్టుకొచ్చిన కూతురు ఆ ఏడుపు చూసింది.

కూతురు పేరు వీరాయమ్మ. నాయనమ్మ పేరు. తల్లి సుబ్బమ్మ కామెర్లతో పోయాక ఆ ఇంట్లో మిగిలింది తండ్రీ కూతుళ్ళిద్దరే. ఆ పిల్ల పదో తరగతి చదువుతోంది. వాళ్ళ వంశంలో పదో తరగతి బెంచీ మీద కూర్చున్న మొదటి మనిషి. పరీక్ష గట్టెక్కితే నర్సు ట్రైనింగుకి వెళ్ళాలని దాని ఆశ. గంగయ్యకి నర్సయినా టీచరయినా ఒకటే. బోదెలో కాలు పెట్టక్కర్లేని ఉద్యోగమైతే చాలన్నాడు. అతను బతుకులో గట్టిగా కోరుకున్నది అదొక్కటే.

వీరాయమ్మ సైన్సు పుస్తకంలో విద్యుద్ఘంట పాఠం తీసింది. మేకుకి రాగితీగ చుట్టింది. పాత సైకిలు బెల్లు గిన్నె సంపాదించింది. టార్చిలైటు బ్యాటరీలు బిస్కెట్ల డబ్బాలో పేర్చింది. ఓ వెదురు గొట్టంలో రెండు తీగల కొసలు ఎడంగా బిగించి, కింద ఎండిన కొబ్బరిపిందె తేలేలా అమర్చింది. నీళ్ళొస్తే పిందె పైకి లేస్తుంది, దాని నెత్తినున్న రేకుముక్క తీగలు రెండిటినీ కలుపుతుంది, గంట మోగుతుంది. ఇంతకన్నా అందులో ఏమీ లేదు.

నూతి దగ్గర గోలెంలో పెట్టి మోగించి చూపించినప్పుడు గంగయ్య చాలాసేపు నవ్వాడు.

"నా కాలు తీసి డబ్బాలో పెట్టేసేవేంటమ్మా," అన్నాడు.

సుబ్బమ్మ పోయాక అతను అలా నవ్వడం అదే మొదలు. ఇంకోసారి నవ్వాడేమో నాకు తెలియదు.

తర్వాతి వంతు నాటికి గంగయ్యకి మళ్ళీ జ్వరం తగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా బడిలో పరీక్ష హాల్ టికెట్లు ఇచ్చేదీ ఆ రోజే. స్వయంగా వచ్చి సంతకం పెట్టనివాళ్ళకి ఇచ్చేది లేదని హెడ్మాస్టరు పట్టాభిరామయ్యగారు ముందే చెప్పేశారు. బోదె బడి ప్రహరీ వెనకనుంచే పోతుంది. అక్కడికి నీళ్ళొచ్చాక శివారుకి చేరడానికి ఇంకా చాలాసేపు పడుతుంది.

"గొట్టం బడెనకాల బోదెలో పెడతాను నాన్నా. గంట మోగ్గానే పరిగెట్టుకొచ్చి మడవ తీసేత్తాను. నువ్వు లేవకు," అంది వీరాయమ్మ.

"మేష్టారేవన్నా అంటారేమో."

"ఆయన చెప్పిన పాఠమే కదా."

గంగయ్య దుప్పటి కప్పుకుని, సరేనన్నాడు. ఆ సరే అన్న మాట అతన్ని చచ్చేదాకా తినేసింది.

ఆ పిల్ల గొట్టాన్ని బోదెలో నిలబెట్టి, తీగని గోడ మీదుగా తెచ్చి, డబ్బాని తరగతి కిటికీలో పెట్టి, ఆఫీసు గది ముందు వరసలో నిలబడింది. గది ఊడ్వడానికి వచ్చిన అటెండరు అబ్బులు ఆ డబ్బా చూశాడు. మూత సందులోంచి తీగలు. చుట్టుపక్కల మనిషి లేడు. కిందటి వేసవిలోనే ఢిల్లీలో ట్రాన్సిస్టర్లలో బాంబులు పెట్టి జనాన్ని చంపారు. దిక్కులేని డబ్బా కనిపిస్తే ముట్టుకోవద్దని అప్పటినుంచీ బస్సుల్లో, సినిమా హాళ్ళలో, బడుల్లో ఒకటే హెచ్చరిక. ఢిల్లీ ఎక్కడ, ఈ ఊరెక్కడ? ఇక్కడ బాంబు పెట్టి పేల్చడానికి కొబ్బరి చెట్లు తప్ప ఏమున్నాయి? కానీ భయం టిక్కెట్టు కొనకుండానే ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది. అబ్బులు చీపురు పడేసి పరిగెత్తాడు.

పట్టాభిరామయ్యగారు వేదం చదువుకున్న ఇంట్లో పుట్టారు. తాడుని చూసి పామనుకోవడమనే అజ్ఞానం గురించి గంటసేపు చెప్పగలరు. తన దాకా వచ్చేసరికి ఆయన కూడా పామునే చూశారు. పిల్లలందరినీ రోడ్డు అవతలికి తోలించి, పోస్టాఫీసుకి మనిషిని పంపి, పోలీసులకి ఫోను చేయించారు. అప్పుడు వచ్చింది వీరాయమ్మ ఆయన ముందుకి.

"అది నాదేనండి. నీళ్ళొస్తే మోగుద్దండి. మీరు చెప్పిన బెల్లు పాఠమేనండి."

ఆయన మొహంలో రంగు మారింది. అర్థమైంది. అర్థమయ్యాకే ఎక్కువ భయపడ్డారు.

"ఫోను చేసేసేనమ్మాయ్," అన్నారు గొంతు తగ్గించి. "ఇప్పుడు కాదంటే ఎలాగ?"

ఇదంతా గంగయ్యకి తర్వాత తెలిసింది. అతని వరకూ జరిగింది ఏమిటంటే, కానిస్టేబులొకడు సైకిలు మీద వచ్చి దుప్పటి లాగి, పద అన్నాడు. జ్వరంతో, ఆ కాలు ఈడ్చుకుంటూ బడికి చేరేసరికి ఆవరణ మధ్యలో ఇసక కుప్ప, ఇసక మీద బిస్కెట్ల డబ్బా, దానికి దూరంగా లాఠీ పట్టుకుని కొత్త ఎస్సైగారు. కుర్రవాడు. కోడిపందేల కేసులు తప్ప మరో కేసు చూసే యోగం లేని చోట ఉద్యోగం పడిందని బెంగపెట్టుకున్నవాడు. ఆ రోజు ఆయన మొహం వెలిగిపోతోంది. తీగ ఇంకా గోడ మీదుగా బోదెలోకే ఉంది. డబ్బానైతే పొడుగాటి కర్రతో అక్కడికి జరిపారు గానీ, తీగని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"నీ కూతురేనా?"

"ఆయ్, మా అమ్మాయేనండి. దాంట్లో ఏమీ లేదండి బాబూ. నేనే ఇప్పి చూపిత్తానండి."

"ముట్టుకున్నావంటే ఎముకలు ఇరగ్గొడతాను." ఎస్సైగారు హెడ్మాస్టరు వైపు తిరిగారు. "ఏమండీ, ఇదేదో మీ పాఠంలో ఉందంటోంది. మీరు నేర్పేరా?"

పట్టాభిరామయ్యగారు వీరాయమ్మని చూశారు. గంగయ్య కాలిని చూశారు. తర్వాత తన చెప్పులు చూసుకున్నారు.

"నాకు తెలియదండి. ఇలాంటివి మేము చెప్పమండి."

వీరాయమ్మ ఏడవలేదు. ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు చూడలేక గంగయ్య తల తిప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడు గంట మోగింది.

ఎస్సైగారు బోర్లా పడుకున్నారు. పక్కనే హెడ్మాస్టరుగారు పంచె చెదిరి దుమ్ములో పడుకున్నారు. కానిస్టేబులు జెండా కర్రని కౌగలించుకున్నాడు. గంట హాయిగా, ఐసుబండి వాడి గంటలా, అదే పనిగా మోగుతోంది. ఏమీ పేలలేదు. రోడ్డు అవతల ఒక పిల్ల కిసుక్కుమంది. ఆ తర్వాత బడి బడంతా నవ్వింది.

నవ్వనివాళ్ళు ఇద్దరే. ఆ గంటకి అర్థం తెలిసినవాళ్ళు.

"నాన్నా, నీళ్ళొచ్చేసేయి," అంది వీరాయమ్మ.

గంగయ్య వంగలేని కాలితో వంగి, లేచి బట్టలు దులుపుకుంటున్న ఎస్సైగారి బూట్లు పట్టుకున్నాడు.

"అమ్మాయినొదలండి బాబూ. మడవ తీసి వచ్చేత్తాదండి. చేను పొట్ట మీదుందండి, ఇప్పటికే ఓ తడి పోయిందండి. నన్నుంచుకోండి, నన్నేవైనా చేసుకోండి."

డబ్బా పేలి ఉంటే ఆయన క్షమించేవారేమో. పిల్లలు నవ్వారు. దాన్ని ఏ అధికారీ క్షమించడు. "ఇద్దర్నీ ఎక్కించండి," అన్నారు. కానిస్టేబులు డబ్బాని రాయితో చితక్కొట్టాడు. రెండు మూడు దెబ్బల దాకా అది మోగుతూనే ఉంది.

జీపు బోదె పక్కనుంచే వెళ్ళింది. నీళ్ళు శివారు వైపు పోతున్నాయి, జీపు స్టేషను వైపు పోతోంది. గంగయ్య మెడ తిప్పి, కనిపించినంత మేరా వాటినే చూశాడు.

సాయంత్రం వదిలేశారు. కేసు రాయలేదు. రాయడానికి ఏముంది గనక? తండ్రీ కూతుళ్ళు చేను దగ్గరికి వెళ్ళేసరికి బోదె ఎండిపోతోంది. నీళ్ళు మడవ దాకా వచ్చి, తలుపు వేసి ఉన్న ఇంటి ముందు చుట్టంలా కాసేపు నిలబడి, మురుగు కాలువలో కలిసిపోయాయి. తర్వాతి వంతుకి నీళ్ళు పెట్టినా వరి కోలుకోలేదు. వెన్నులు తెల్లగా బయటికొచ్చాయి, అన్నీ తాలే.

హాల్ టికెట్టు ఆఫీసు బీరువాలోనే ఉండిపోయింది. కేసు తేలేదాకా ఇవ్వకూడదన్నారు హెడ్మాస్టరుగారు. కేసు రాసి ఉంటే కోర్టులోనైనా తేలేది. రాయని కేసు ఎక్కడ తేలుతుంది? గంగయ్య ఆయన ఇంటి వీధి అరుగు కింద నిలబడి అడిగాడు.

"పాఠం మీరు చెప్పిందేనంట కదండీ మేష్టారూ. ఆ మాటొక్కటి చెప్పండి చాలు."



"ఇంకా సర్వీసుంది గంగయ్యా నాకు," అన్నారు పట్టాభిరామయ్యగారు. "ఆ రోజే చెప్పలేకపోయేను. ఇప్పుడు చెబితే ఆ రోజు అబద్ధమాడినట్టు కదా."

చెడ్డవాడు కాదాయన. అదే ఇంకా కడుపు మండే సంగతి. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

పరీక్షలు జరిగిపోయాయి. మరుసటి ఏడు వేరే బడిలో చేరి పరీక్షకి కడదామంటే, టీసీలో ప్రవర్తన అన్నచోట ఆయన ఏమీ రాయకుండా ఓ గీత గీసి ఇచ్చారు. ఆ గీత చూసి ఎవరూ చేర్చుకోలేదు. బుల్లిరాజుగారు కౌలు మాన్పించారు. కోపంతో కాదు. "నిన్ననేదేం లేదు గంగయ్యా. పోలీసులొచ్చిన గుమ్మం కదా, నలుగురూ నన్నంటారు," అన్నారు. అంతటితో ఊరుకోలేదు, దయ కూడా చూపించారు. కాలు బాగులేనివాడివి, నీళ్ళు కాయడానికి మీ అమ్మాయిని పంపమన్నారు.

మూడో ఏటి దాళ్వాలో ఓ మధ్యాహ్నం గంగయ్య కర్ర పోటేసుకుంటూ అన్నం తీసుకెళ్ళాడు. ఒకప్పటి తన చేను గట్టునే, మొహం మీద ఓణీ కప్పుకుని, ఒక కాలు ఎండిన బోదెలోకి విడిచి వీరాయమ్మ పడుకుని ఉంది. గంగయ్య ఆ కాలినే చూస్తూ నిలబడ్డాడు. అచ్చం తనలాగే, అచ్చం తన తండ్రిలాగే. తన కడుపున పుట్టినందుకు దాని కాలు కూడా బోదెలోకే వచ్చిందనుకున్నాడు.

"ఆ గంట మళ్ళీ చేసుకోకూడదా అమ్మా?" అన్నాడు. "ఇప్పుడెవరికి గుర్తుంటాది?"

ఆ పిల్ల మొహం మీది ఓణీ తియ్యలేదు.

"కాలైతే మోగదు నాన్నా."

గంగయ్య గిన్నె కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. పొద్దు వాలాక నీళ్ళు వచ్చి ఆ అరికాలికి తగిలాయి. వీరాయమ్మ చప్పుడు చేయకుండా లేచి, పార తీసుకుని, బుల్లిరాజుగారి మడవ తెరిచింది.