ఇల్లు నొక్కితే గంగాళం రాలేదు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: నేను గీసిన భవనం ఒక్కటైనా లేవకపోతే చెన్నై నగరానికే నష్టమని. అయిదేళ్ళు వేళ్ళు కాయలు కాచేలా గీసి ఆర్కిటెక్చర్ పాసైన నన్ను ఏ ఆర్కిటెక్టూ రమ్మనలేదు. (నగరానికి నష్టమని వాళ్ళకెవరికీ తోచలేదు పాపం.) చివరికి కోడంబాక్కంలో, సినిమావాళ్ళకి బట్టలు కుట్టే టైలరు కొట్టు పైన ఉన్న ఒక బుల్లి వెబ్‌సైట్ల కంపెనీ మూడు నెలల ప్రొబేషన్ మీద తీసుకుంది. నాయన ముందే చెప్పేశాడు: "ఆడ పర్మనెంట్ చెయ్యకపోతే మా ఫ్రెండు టైల్స్ షోరూంలో చేరిపో. బాత్రూం టైల్సు అమ్మేదీ ఆర్కిటెక్చరే గదమ్మా!" ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది.

మూడో నెలలో మా బాస్ నన్ను పిలిచాడు. (ఏది చూపించినా ముందు వేలితో పైకీ కిందికీ జరిపి చూస్తాడు కనక ఆయనకి మేం పెట్టిన పేరు స్క్రోల్ సార్.) చూలైలో తరతరాలుగా ఉన్న ఒక తెలుగువాళ్ళ ఇత్తడి పాత్రల అంగడికి, ఫోన్‌లోనే సామాను చూసి తెప్పించుకునే యాప్ కావాలట, అదీ తెలుగులో. "నీకు తెలుగు వస్తుంది, కట్టడం వస్తుంది. ఇది నిలబడితే నువ్వు పర్మనెంట్, సరియా?" అన్నాడు. అంగడి యజమాని షరతు ఇంకోటి: "మా అవ్వ చేతికిచ్చి చూస్తాం. ఆమె సరేనంటేనే సరే."

చూసేవాళ్ళకి అన్నీ ఒక్కసారే చూపించకూడదు, నడిపించి నడిపించి చూపించాలి అన్న కాలేజీ పాఠం నా తలకెక్కి ఉంది. అందుకని యాప్ తెరవగానే చెక్కడాల తలుపు పెట్టాను. అది నొక్కితే వసారా, వసారా దాటితే హాలు, హాల్లోంచి ఇత్తడి గది, అందులోంచి పెద్ద పాత్రల గది. ఎక్కడినుంచైనా మొదటికి తెచ్చే హోమ్ బటన్‌కి ఇంగ్లీషు పేరెందుకు, అచ్చతెలుగులో పెడదామని పెంకుటింటి బొమ్మ వేసి కింద 'ఇల్లు' అని రాశాను. ఆ బొమ్మకే రెండు రోజులు పట్టింది. (పెంకులు లెక్కపెట్టుకోవచ్చు, అంత బాగా వచ్చింది.)

అవ్వకి ఫోన్ ఇచ్చి, గంగాళం ఒకటి తెప్పించుకోమని చెప్పి వచ్చాను. మరునాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"ఏమ్మే, గంగాళం ఇంకా రాలా?"

"ఆర్డర్ పెట్టినారా అవ్వా?"

"పెట్టకేం! గంగాళం బొమ్మ కింద ఇల్లు అని ఉండాది గదా, ఇంటికి పంపిస్తారని నొక్కినా. నొక్కితే నన్ను ఈడ్చుకోనిపోయి తలుపు బయట నిలబెట్నాది! మళ్ళీ వసారా, మళ్ళీ హాలు, ఆ గదులన్నీ దాటుకోని పోయి మళ్ళీ నొక్కినా. పదకొండు తూర్లు! మోకాళ్ళ నొప్పులు ఉండేదాన్ని ఇట్లా తిప్పుతారంటే?"

ఫోన్‌లో తిరిగితే మోకాళ్ళెందుకు నొస్తాయని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. టైల్స్ షోరూం కళ్ళముందు తళతళా మెరిసింది.

ఆ మధ్యాహ్నమే స్క్రోల్ సార్‌తో చూలై వెళ్ళాను. అవ్వ నన్ను తిట్టలేదు. చెయ్యి పట్టుకుని అంగడి దాటించి వెనకున్న ఇంట్లోకి తీసుకుపోయి, ముట్రం నడుమ నిలబెట్టింది. (ముట్రమంటే పైకప్పు లేకుండా ఇంటిమధ్య ఆకాశం కనబడే ఖాళీ. తమిళంలోంచి వచ్చి మా ఇళ్ళలో స్థిరపడిపోయిన మాట.)

"ఈడ నిలబడి చుట్టూ చూడు. పెండ్లి సామానుకొచ్చినోళ్ళు ఆ గదికి, పూజ సామానుకొచ్చినోళ్ళు ఈ గదికి, వంటకి కావాల్నంటే ఎదురుగా. యాడికి పోయినా మళ్ళీ ఈడికే వస్తారు. ఇంతవరకూ ఎవురూ తప్పిపోలా. నీ దాంట్లో ముట్రం యాడమ్మే?"

సిగ్గుతో చచ్చిపోయాను. మూడో ఏడు ఇలాంటి ఇంటినే టేపు పట్టి అంగుళం అంగుళం కొలిచి, గీసి, క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు కొట్టేసినదాన్ని. దాని మధ్యలో నిలబడి చుట్టూ చూడాలని మాత్రం ఆనాడు తోచలేదు.

వారం రోజులు కూర్చుని తలుపులన్నీ పీకేశాను. తెరవగానే పెళ్ళి, పూజ, వంట మూడూ కనబడతాయి. 'ఇల్లు' తీసేసి 'ముట్రం' అని రాశాను, మూలన దాక్కున్న ఆర్డర్ బటన్‌ని గంగాళం కిందికి తెచ్చి 'మా ఇంటికి పంపండి' అని పేరు మార్చాను. ఆ పెంకుటిల్లు చెరిపేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. "ఎన్నమ్మా ఇదు? హోమ్ బటన్ పేరు ముట్రమా?" అని స్క్రోల్ సార్ తల పట్టుకున్నాడు. అవ్వ మాత్రం ఫోన్ అందుకుని మూడే నొక్కుల్లో గంగాళం తెప్పించేసుకుని, "అబ్బ, ఇప్పుడు గాలాడతా ఉండాది" అంది. సార్ నావైపు చూసి, "రేపటినుంచైనా టైముకి రా" అన్నాడు. (పర్మనెంట్ చేశానని చెప్పడం ఆయనకి అలాగే వచ్చు.)

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠాలు చెబుతున్నాను. నాయన ఇప్పటికీ, "ఇన్నేళ్ళలో ఎన్ని ఇండ్లు కట్టినావమ్మా?" అని అడుగుతాడు. "ఒక ఇల్లు పడగొట్టినా నాయనా" అంటాను. పోయిన నెల అవ్వ ఫోన్ చేసింది. "అమ్మే, సామాను పెట్టుకునేదానికి చోటు చాల్లేదని మనవడు మా ముట్రం పైన రేకులు వేసేసినాడు. నీ దాంట్లోది మాత్రం మూయబాక" అంది. మూయనవ్వా అన్నాను. ఫోన్ పెట్టేసి ఆ యాప్ తెరిచి, ఊరికే ఒకసారి ముట్రం నొక్కాను. నగరానికి నష్టమని బెంగపడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. చెన్నైలో నేను కట్టింది ఒక్కటి ఉంది, అందులో అవ్వ ముట్రం అలాగే ఉంది. కాకపోతే వానొస్తే తడవదు.