మొలతాడు కాణీ

నాకు పాత నాణేల పిచ్చి. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్లు రిపేరు చేసుకుని బతికేవాడికి ఈ పిచ్చి అవసరమా అని చాలామంది అడిగారు. మా ఆవిడ మాత్రం అడగడం ఎప్పుడో మానేసింది. నేను కొత్తగా ఏ నాణెం తెచ్చినా, కుట్టే మిషను మీద నుంచి తలెత్తకుండానే, "ఏమప్పా, ఇదన్నా చెల్లుతాదా?" అంటుంది. చెల్లదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట వినపడితే తప్ప నాణెం ఇంటికి చేరినట్టు అనిపించదు నాకు.

దీనంతటికీ మూలం ఒక చిల్లుకాణీ. తెల్లదొరల కాలంలో నడిమధ్య గుండ్రటి చిల్లుతోనే అచ్చయిన పైసా అది. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి నిలవలేదు. నిలిచిన బిడ్డ ఒంటి మీద ఉన్న వస్తువు కడితే పుట్టిన బిడ్డా నిలుస్తాడని మా వైపు నమ్మకం. అందుకే నేను పుట్టగానే అమ్మ పక్క వీధిలో గాజులమ్మే సాయిబుల అవ్వ దగ్గరికి పోయి, వాళ్ళ పెద్దకొడుకు మొలతాడుకు ఉండిన కాణీని అడిగి తెచ్చి నాకు కట్టింది. నేను నిలిచాను. అది కాణీ మహిమో, అమ్మ పడిన పాట్ల ఫలితమో నేను వాదనకు దిగను. ఊహ తెలిశాక అమ్మ దాన్ని నల్లదారం ముడితో సహా నా చేతిలో పెట్టింది. నా ఆల్బంలో మొదటి గూడు దానిదే.

కొన్నేళ్ళ కిందట, తొలివానలు పడినప్పుడు, ఒక ముసలామె మా ఇంటి ముందు గదిలోనే ఉన్న షాపుకు వచ్చింది. తొలివాన పడిందంటే వజ్రకరూరు చేలల్లో ఎక్కడెక్కడి వాళ్ళో సద్ది కట్టుకుని వచ్చి, నడుములు వంచి వజ్రాలు వెతుకుతారు. ఆమె కూడా అక్కడి నుంచే నేరుగా బస్సు దిగినట్టుంది. కాళ్ళకు ఎర్రమన్ను ఇంకా తడిగానే ఉంది. కొంగు ముడి విప్పి ఒక నాణెం బల్ల మీద పెట్టింది.

"రాయి దొరకలేదప్పా, ఇది దొరికినాది. నీ దగ్గర డ్రిల్లు ఉండాదంట కదా. దీనికి ఒక తూటు కొట్టియ్యి. మనవడి మొలతాడుకు కట్టల్ల."

తడిగుడ్డతో మెల్లగా అద్ది చూశాను. విజయనగర కాలపు రాగి నాణెం. ఒకవైపు నంది మూపురంతో సహా నిలబడి ఉంది. రెండోవైపు అక్షరాలు ఒక్కటి కూడా చెరగలేదు. ఇలాంటివి నేను అరిగిపోయినవే చూశాను గానీ ఇంత నిండుగా ఉన్నదాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. 

"అవ్వా, తూటు కొడితే ఇది పాడైపోతాది," అన్నాను.

"తూటు లేని దుడ్డు నాకేటికప్పా? మా కోడలికి ఇద్దరు పోయినారు. వీడన్నా నిలవల్ల."

డబ్బిస్తానన్నాను. ఆమె వద్దంది. లోపలికి పోయి నా దగ్గరున్న చిల్లుకాణీల డబ్బా తెచ్చి ముందు కుమ్మరించాను. వీటికి చిల్లు ముందే ఉంది, కావలసింది తీసుకో, నీది నాకియ్యి అన్నాను. ఆమె ఒక్కొక్కటి బొటనవేలితో తడిమింది.

"ఇవి యాడివి?"

"సంతలో కొన్నవి."

"కొన్నవి వద్దు. నాది భూమితల్లి ఇచ్చినాది. నిలిచిన బిడ్డ కట్టుకున్నది ఏదన్నా ఉంటే చెప్పు. లేదంటే నాదానికే కొట్టు."

ఏదో ఒకటి చూపించి, ఇదిగో ఇదే అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మిషను చప్పుడు ఆగింది. మా ఆవిడ నా వైపు చూస్తోంది. ఆల్బంలో మొదటి గూట్లో ఏముందో ఆమెకు తెలుసు. 

లేచి లోపలి నుంచి ఆల్బం తెచ్చి, ఆమె ముందే దాన్ని తీశాను. "ఇది నాదవ్వా. నాకంటే ముందు ఇద్దరు పోయినారు," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది, సంతలో ఎద్దును చూసినట్టు. బట్టతల, బొజ్జ, కళ్ళద్దాలు అన్నీ చూసి తృప్తిపడింది. "బాగానే నిలిచినావు," అంది. దారం మెల్లగా బయటికి లాగి నా అరచేతిలో పెట్టింది. "మీయమ్మ ముడి నువ్వు పెట్టుకో."

నంది నాణెం నాకు మిగిలింది. ఎంతోకాలంగా వెతుకుతున్నది చేతికి వచ్చినా, ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

పోయిన ఏడు ఆమె మళ్ళీ వచ్చింది, వెంట మనవడితో. వాడు వచ్చీ రాగానే నా స్క్రూడ్రైవర్లన్నీ కింద పడేసి, జిప్పుల పెట్టెలో చెయ్యి పెట్టాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. పడేస్తే పడేయనీ, పడేయడానికి వాడంటూ ఉన్నాడు. అవ్వ కొంగులోంచి కాణీ తీసి ఇచ్చింది. "వీడికి దీని పని అయిపోయినాది. ఆ పుస్తకంలో పెట్టి మూసేయద్దప్పా. ఎవరన్నా అడిగితే ఇయ్యి."

సాయిబుల అవ్వను తలుచుకున్నాను. ఆమె దాన్ని నాలాగే దాచుకుని ఉంటే నా సంగతి ఏమయ్యేదో. మా అమ్మ ఆమెకు ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పిందో లేదో తెలియదు. ఆ ఇద్దరికీ, ఈ అవ్వకూ కలిపి ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను.

కాణీని షాపులో గోడ మేకుకు తగిలించాను. మొన్న జీన్సు యూనిట్లో పనిచేసే అమ్మాయి మిషను సూది కోసం వచ్చి, సూది తీసుకున్నాక కూడా కదలకుండా నిలబడింది. ఆమెకు కిందటేడు పుట్టిన బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. కాణీ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, అడగలేక మేకు వైపు చూస్తోంది. నేను లేచేలోపే మా ఆవిడ మిషను ఆపి, మేకు మీది కాణీ తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"తీస్కో తల్లీ," అంది. "ఈయన దుడ్లలో ఇదొక్కటే చెల్లుతాది."