తెచ్చినవాళ్ళ చీటీ ముందు

నాకు కోపం ఎక్కువ. ఆ మాట మా అమ్మా అంటుంది, ఆసుపత్రిలో మా సిస్టర్లూ అంటారు. కానీ ఆ ఏడాది నాకు కోపం కూడా రావడం మానేసింది. మాచర్ల వైపు ఒక ప్రభుత్వాసుపత్రి. సూపరింటెండెంటు గారు కాక ముగ్గురు డాక్టర్లు ఉండాల్సిన చోట నేనొక్కదాన్నే ఉన్నాను. పొద్దున్నే కుర్చీలో కూర్చుంటే ఎదురుగా మనుషులు కనిపించేవాళ్ళు కారు, ఓపీ చీటీలే కనిపించేవి. చీటీ తీసుకో, సంతకం పెట్టు, తర్వాతవాళ్ళని పిలు. రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకుని, రోజూ బస్సులో దాన్ని మోసుకెళ్ళి మళ్ళీ మోసుకొచ్చేదాన్ని.

మిరపకోతలప్పుడు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బీపీకీ షుగరుకీ నెలనెలా మాత్రలు తీసుకోవాల్సినవాళ్ళు కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి రారు. వాడకట్టంతటి చీటీలూ ఒక్కరి చేతికిచ్చి పంపిస్తారు. అలా వచ్చేవాళ్ళలో ఒకావిడ ఉండేది, యాభై దాటి ఉంటాయి. ఇరవై చీటీలకి రబ్బరుబ్యాండు వేసి తెచ్చి బల్ల మీద పెట్టేది. "మా వాడకట్టుయే డాక్టరమ్మా, అన్నీ పాతయే" అనేది. నేను తలెత్తకుండానే సంతకాలు పెట్టేదాన్ని. అందరూ కోతలో ఉంటే ఈవిడొక్కతే ఎందుకు ఖాళీగా ఉందో నాకు తట్టలేదు. డాక్టర్ని కదా, నాకు కాక ఇంకెవరికి తట్టాలి?

ఇంతలో పైనుంచి మెసేజ్ వచ్చింది. డాక్టర్లలో ఒత్తిడి తగ్గించడానికి ఆన్‌లైన్ శిక్షణట. హాజరు తప్పనిసరి, కెమెరా ఆన్‌లో ఉండాలి. సమయం ఉదయం పదకొండు! సరిగ్గా ఓపీ కిటకిటలాడే వేళ. చాలా రోజుల తర్వాత నాకు ఒళ్ళు మండింది. ఫోన్ని బీపీ మిషనుకి ఆనించి, ఇటు సంతకాలు పెడుతూ కూర్చున్నాను. ఫోన్లో ఎవరో తియ్యటి గొంతుతో, "కళ్ళు మూసుకోండి. గాలి నిండుగా పీల్చుకోండి" అంటున్నారు. అప్పుడే రబ్బరుబ్యాండు కట్ట బల్ల మీదికొచ్చింది. ఎవరో రొప్పుతూ ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించింది. ఫోన్లో నుంచే అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

పది నిమిషాలకి మందుల కిటికీ దగ్గర్నుంచి సిస్టరు కేక వేసింది. "మేడం, తొందరగా రండి!" వెళ్ళి చూస్తే ఆవిడ నేల మీద చతికిలబడి ఉంది. మాత్రల సంచి మాత్రం వదల్లేదు. కింది రెప్ప లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. కాళ్ళు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఒంట్లో రక్తం లేక గుండె అలిసిపోయింది. నెలల నాటి జబ్బు అది. నెలనెలా నా బల్ల ముందు నిలబడి వెళ్ళిన జబ్బు.

"ఈవిడ చీటీ ఏదీ?" అన్నాను. సిస్టరు కట్టంతా తిరగేసింది. ఇరవైలోనూ ఆవిడది లేదు.

ఆవిడని అంబులెన్సులో నరసరావుపేట పంపించి గదిలోకి వచ్చేసరికి ఫోను టింగుమంది. శిక్షణ విజయవంతంగా పూర్తి చేసినందుకు సర్టిఫికెట్టట! పైన తామరపువ్వు బొమ్మ కూడానూ.

తిన్నగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళి రాజీనామా కాగితం బల్ల మీద పడేశాను. "ఒక మనిషి నా ముందు నిలబడి ప్రాణం పోగొట్టుకుంటుంటే నాకు కనపడలేదండీ. ఇంక నేను పనికిరాను" అని అరిచాను. ఏడ్చాను కూడా. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, గొంతు పెంచడం ఎరగరు. కాగితం మొత్తం చదివి సొరుగులో పెట్టారు. "ఉండమని బతిమాలనమ్మా. ఒక్కటి చెప్పు. నీ బల్ల మీంచి ఏంది తీసేస్తే నీకు మనుషులు కనపడతారు?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. "పాత చీటీలండీ" అన్నాను.

ఆయన శిక్షణలేమీ పెట్టించలేదు. నర్సమ్మలు సాయంత్రాలు వాడకట్టుకే వెళ్ళి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చేలా, తేడా ఉన్నవాళ్ళని మాత్రమే నా దగ్గరికి పంపేలా ఏర్పాటు చేశారు. జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, వారానికి రెండ్రోజులు ఇంకో డాక్టర్ని వేయించారు. దానికి నేను ఒక్క నియమం కలిపాను. ఎవరి చీటీలు తెచ్చినా, తెచ్చినవాళ్ళ చీటీ ముందు రాయాలి. మొదట్లో జనం గొణిగారు. "నాకేమైంది డాక్టరమ్మా, గుండ్రాయిలా ఉంటే!" గుండ్రాయివైనా సరే చెయ్యి చాపు అనేదాన్ని. కోపం మళ్ళీ వచ్చేసింది మరి. సూపరింటెండెంటు గారు నెలకోసారి "నీ కాగితం పైకి పంపమంటావా?" అని అడిగేవారు. వచ్చే నెల చూద్దాం లెండి అనేదాన్ని.

రెండు నెలలు పోయాక ఆవిడ వచ్చింది. చేతిలో ఒకటే చీటీ, తనది. ఆవిడ మొహం సరిగ్గా చూడటం అదే మొదటిసారి. ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ.

"అంత ఆయాసం పెట్టుకుని నెలనెలా నా ముందే నిలబడ్డావే! ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?" అని కసిరాను.

"చెబ్దామనే వచ్చేదాన్ని తల్లీ" అంది. "నీ మొకం చూస్తే చెప్పబుద్ధయ్యేది కాదు. నాకంటే నీకే చానా బాగోలేనట్టుండేది. ఈ పిల్లకి ఇంకో చీటీ దేనికిలే అని ఊరుకున్నా."

లేచి ఆవిడ వెనక్కి వెళ్ళి, స్టెతస్కోపు వీపు మీద పెట్టి, గాలి పీల్చమన్నాను. ఆవిడ నిండుగా పీల్చింది. అటు తిరిగి కూర్చుంది గనక, నేను కళ్ళు తుడుచుకోవడం చూడలేదు.