సుద్ద సున్నా, అడ్డగీత

దుబాయ్ దాటాక సజ్జాలో, కంకర క్రషర్లు దాటి ఇంకా లోపలికి వెళితే మా ఊరు వస్తుంది. ఊరంటే చూసినవాళ్లు నవ్వుతారు. ఒక రంపపు మిల్లు, మూడు వరుసల రేకు గదులు, ఒక మెస్సు, ఒక కిరాణా కొట్టు, ఒక మంగలి కుర్చీ, అంతే. మ్యాపులో పేరు లేదు గానీ చరిత్ర మాత్రం ఉంది. ఇంగ్లీషులో ఒక పేజీ. అద్దం బిగించి ఆఫీసు గుమ్మం పక్కన వేలాడదీశారు. రాసింది నేనే. రంపం మీద బతికే ఊరు కాబట్టి కోతలు కొయ్యడం మాకు వృత్తిధర్మం. అందులో స్పెల్లింగు తప్పులున్నాయి, వాటిని ఎవరైనా దిద్దుతారు. మిగతా తప్పు దిద్దగలిగిన వాణ్ని నేనొక్కణ్నే, నేను దిద్దలేదు.

అసలు చరిత్ర ఇది. 2020లో లాక్‌డౌన్ సడలించిన ఎండాకాలం. సోనాపూర్ లేబర్ క్యాంపు నుంచి మమ్మల్ని ఏడుగురిని, ఒక రంపపు బల్లని ఒకే లారీలో తెచ్చి ఇసుకలో దించారు. చుట్టూ ఇనుప కంచె, మధ్యలో నీళ్ల ట్యాంకు. బల్ల ఎక్కడ పెట్టాలో ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి, తెలియదు. మాలో పెద్దవాడు, కోరుట్ల దిక్కు నుంచి వచ్చిన కోతమేస్త్రి ఒకాయన ఉండేవాడు. అందరం కాకా అనేవాళ్లం. ఆయన గుప్పెడు ఇసుక తీసి గాల్లో వదిలాడు.

"గాలి గటు నుంచి ఇటొస్తది. రంపం ఈడ, పొయ్యి ఆడ. లేకుంటె బువ్వల పొట్టు కలుపుకొని తినుడే."

అలా పొయ్యి గాలికి ఎదురుగా వెళ్లింది. పొయ్యి వెంట మెస్సు, మెస్సు వెంట గదులు, తర్వాతెప్పుడో వాటి వెంట కొట్టు, మంగలి కుర్చీ. ఈ రోజుకీ మా అన్నంలో రంపపు పొట్టు పడదు. ఒక ఊరికి ప్లాను గీయడానికి ఆయనకి గుప్పెడు ఇసుక చాలింది.

మా మిల్లుకి అడవి నుంచి దుంగలు రావు. కట్టడాల దగ్గర వాడి పారేసిన సెంట్రింగ్ చెక్కలు వస్తాయి, ఒళ్లంతా సిమెంటు, కడుపునిండా మేకులు. వాటిని శుభ్రం చేసి, కోసి, సరుకు పెట్టెలు చేస్తాం. డిగ్రీ చదివి ఏం పీకావురా అని ఇంట్లో అడిగేవాళ్లు. ఇక్కడికొచ్చాక జవాబు దొరికింది: మేకులు.

పద్ధతి కాకా పెట్టిందే. సుత్తి పిడితో చెక్క మీద కొడుతూ పోతాడు. చప్పుడు మారిన చోట లోపల మేకు ఉన్నట్టు. "ఈడ మొల ఉన్నది" అంటాడు. నేను అక్కడ సుద్దతో సున్నా చుడతాను. మేకు పీకాక సున్నా మీద అడ్డగీత కొడతాను. అడ్డగీత చూస్తే ఆయన ఇంకేమీ చూడడు, చెక్క రంపానికి ఇస్తాడు. తన చెవి మీద ఆయనకి ఎంత నమ్మకమో నా గీత మీదా అంతే.

ఒక రోజు పనిలో ఉండగా ఈల వేశారు. నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి జ్వరం చూసేవాళ్లు వచ్చారు, లైను కట్టాలి. నా ముందున్న చెక్క మీద రెండు సున్నాలు మిగిలాయి. ఈల పడ్డాక వదిలేసిన సున్నాలు ముదీర్ కంటబడితే అందరి ముందు తిట్టేవాడు. అందుకని ముందు అడ్డగీతలు కొట్టేశాను. వచ్చి పీకుదాం, ఎక్కడికి పోతాయి అనుకున్నాను. లైనులో కాకా మొదటివాడు, ముందే రంపం దగ్గరికి తిరిగెళ్లాడు. నేను చివరివాణ్ని. నా నుదురు చల్లగా ఉందని వాళ్లు తేల్చేసరికి రంపం అరుపు మారింది.

కాకా ఎడమచేతి చివరి రెండు వేళ్లు పోయాయి.

"చెయ్యి జారింది సాబ్, నాదే తప్పు" అన్నాడు ముదీర్‌తో, గుడ్డలో చెయ్యి చుట్టుకుని. ఆయన కాళ్ల దగ్గర చీలిన చెక్క పడి ఉంది, దాని మీద సుద్ద గీత చెక్కుచెదరకుండా ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత కాలితో దాన్ని పొట్టులోకి నెట్టాడు.

ఆ రోజు నుంచి రంపానికి వేరే మనిషి వచ్చాడు. కాకా ఓ మూల కూర్చుని ఆకురాయితో రంపం పళ్లకి పదును పెట్టేవాడు. ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం నేను సుద్ద పట్టుకుంటే అన్నాడు: "డిగ్రీ తమ్మీ, నీ చేతిరాత మంచిగుంటది. యాడున్నా గుర్తువడతా."

మిల్లు పెట్టి ఐదేళ్లయిందని, పెద్దవాళ్లు చూడటానికి వస్తారని, చరిత్ర రాసే పని నాకు పడింది. కాకాకి తెలిసింది.

"నా ముచ్చట రాస్తున్నవా?"

"నీతోనే మొదలు కాకా."

"వేళ్ల ముచ్చట అద్దు. గాలి ముచ్చట రాయి. ఇంటికి వోతె గిన్నేండ్లు దుబాయ్‌ల ఏం చేసినవని అడుగుతరు. జూపెట్టనీకి ఒక్క కాయితం గావాలె."

రాశాను. గుప్పెడు ఇసుకతోనే మొదలుపెట్టాను. నా జీవితంలో రాసిన మంచి వాక్యం అదొక్కటే అనుకుంటాను. ముదీర్ చదివి పెన్ను నా వైపు తోశాడు.

"యే నహీ. మేస్త్రి కహా హై, బులావ్ బోలేంగే. ఫిర్ హాథ్ దేఖేంగే. ఖలాస్, కాట్ దో." వచ్చే పెద్దవాళ్లు మేస్త్రిని పిలవమంటారట, అప్పుడు చెయ్యి చూస్తారట, అందుకని కొట్టెయ్యమంటున్నాడు.

"సర్, ఉస్‌నే హీ..."

"ముఝే మాలూమ్ హై. కాట్ దో."

ఎదురు చెప్పి ఉండొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం నిజమే. కానీ ఆ వాక్యాల మీద గీత పడుతుంటే లోపల హాయిగా కూడా అనిపించింది. ఆయన ఆ పేజీలో లేకపోతే ఆ చెక్కా లేదు, ఆ చెక్క లేకపోతే నా సుద్దా లేదు. అడ్డగీత నేనే కొట్టాను. గీతలు కొట్టడంలో నాకు అనుభవం ఉంది. ఇసుక వాక్యం పోయిన చోట "కంపెనీ దూరదృష్టితో" అని రాశాను.

కొన్ని నెలలకి కాకా వీసా రద్దు చేసి ఇంటికి పంపారు. వెళ్లే రోజు పొద్దున పెట్టె పట్టుకుని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయనకి చదువు రాదు.

"జర సదివి ఇనిపియ్యి తమ్మీ."

చదివాను. అద్దంలో ఇంగ్లీషు ఉంది, నా నోట్లోంచి తెలుగు వచ్చింది. మొదట ఒక కోతమేస్త్రి వచ్చాడని, ఇసుక తీసి గాల్లో వదిలాడని, ఆయన చెప్పిన చోటే పొయ్యి పెట్టారని, ఆ పొయ్యి వెంటే ఊరు పెరిగిందని. కళ్లు అద్దం మీదే ఉంచాను. కాకా విన్నాడు. చెక్క మీద కొట్టినట్టు వేలి కణుపుతో అద్దం మీద రెండుసార్లు కొట్టాడు.

"మంచిగ రాసినవ్" అని ఫోను తీసి ఫొటో పట్టుకున్నాడు. "మన్మరాలు ఇంగ్లీష్ మీడియం. ఇంటిల్లిపాదికి సదివి ఇనిపిస్తది."

వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణం ఉంది. అది చెప్పలేదు. డ్రైవర్ "యల్లా, యల్లా" అని అరిచాడు, ఆయన వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత ఫోను చేశాడు. వెనకాల ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు, ఎవరో నవ్వారు. క్షేమ సమాచారాలయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"పొల్లకు ఇంగ్లీష్ ఇంక సక్కగ రాలేదు తమ్మీ. నువ్వు సదివినయన్ని దానికి కానొస్తలెవ్వు. నేనీడ యాడున్ననని అందరు నగుతున్నరు."

నా గీతని కప్పడానికి ఆయన చెయ్యి జారిందనడం ఇది రెండోసారి. మొదటిసారి తప్పు తన మీద వేసుకున్నాడు, ఈసారి మనవరాలి ఇంగ్లీషు మీద వేశాడు.

"అవును కాకా" అన్నాను. "కొంచెం కష్టమైన ఇంగ్లీషు."