పాల టిన్ను దెయ్యం

కువాలా సెలంగోర్ దాటాక ఆయిల్ పామ్ తోటల మధ్య ఉన్న పాత మిషన్ చర్చిని ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్నారు. గేటు దగ్గరి పోస్టరులో "స్పానిష్ మిషన్, దెయ్యం కథతో సహా" అని రాశారు. దాన్ని కట్టించింది ఫ్రెంచి ఫాదర్లు. ఇటుకలు మోసింది రబ్బరు ఎస్టేట్ కూలికి ఓడెక్కి ఈ దేశం వచ్చిన మా ముత్తాతలు. ఆ గోడలకూ స్పెయిన్‌కూ చుట్టరికం ఏమిటో పోస్టరు అతికించినవాళ్ళకే తెలియాలి. తెల్ల గోడ, పైన ఒక గంట ఉంటే చాలు, ఫొటోల్లో స్పెయిన్ అయిపోతుంది కాబోలు.

డెబ్బై నాలుగేళ్ళ అమ్మను క్లాంగ్ నుంచి కారులో తీసుకొచ్చింది విహారానికి కాదు. చర్చి వెనక గోడ అవతల కార్లు నిలపడానికి నేల చదును చేస్తున్నారని విన్నప్పటి నుంచి ఆవిడకు అన్నం సయించడం లేదు. ఆ గోడ అవతల ఆవిడ తమ్ముడు ఉన్నాడు. పుట్టిన పూటే పోయాడు. జ్ఞానస్నానం పొందని బిడ్డకు లోపల చోటు లేదన్నాడు అప్పటి ఫాదరు. తాత గోడ బయట, నీళ్ళ తూము పక్కన పాతిపెట్టి, గుర్తుకు ఒక రాయి వేశాడు. ఆ రాయిని ఎవరూ కదపకూడదు, దాని మీద ఒక సిలువ ఉండాలి. అమ్మ అడిగేది ఇంతే.

మావాళ్ళు క్రైస్తవులైనా మూడోనాడు సమాధి మీద పాలు పోయడం మానలేదు. ఆ బిడ్డకు మాత్రం అదీ కుదరదన్నాడు ఫాదరు. అమ్మమ్మ ఆయనతో వాదించలేదు. శుక్రవారం శుక్రవారం రబ్బరు పని అయ్యాక స్నానం చేసి, డబ్బాపాల టిన్నుకు తీగ కట్టి, అందులో ఇన్ని పాలు కలుపుకుని గోడ అవతలికి వెళ్ళేది. తాత పోయాక తెల్లచీర కట్టుకునే వెళ్ళేది. ఆ మూడోనాటి పాలు ఇరవై ఏళ్ళకు పైగా పోసింది.

మాతో పాటు ఓ పదిమంది ఉన్నారు, అందరి చేతుల్లో ఫోన్లు. చర్చి చూపించే తమిళ అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి, మర్యాదగలది. వెనక గోడ దగ్గర ఆగి గొంతు తగ్గించి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పొద్దుగూకే వేళ తెల్లచీర కట్టుకున్న ఒక ఆడది ఇక్కడ నిలబడుతుందట. చేతిలో పాల టిన్ను. దారిన పోయేవాళ్ళను ఆపి, "నా బిడ్డను కాస్త ఎత్తుకుంటావా, పాలు చల్లారిపోతున్నాయి" అంటుందట. ఎత్తుకుంటే చేతుల్లో రాయి ఉంటుందట. జనం ఒళ్ళు జలదరించినట్టు నటించి నవ్వారు.

ఆ మాటలు నావి. చేతుల్లో రాయి కూడా నాదే. పన్నెండేళ్ళప్పుడు స్కూలు బస్సులో పిల్లలంతా పొంతియానాక్ కథలు చెప్పుకునేవారు, కాన్పులో చచ్చి దెయ్యమైన ఆడదాని కథలు. ఎస్టేట్ పిల్లనని నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకరోజు నేనూ ఒక కథ కట్టాను. మర్నాటి నుంచి నాకోసం వెనక సీటులో చోటు ఉంచారు. ఒక్క సీటు కోసం మా అమ్మమ్మను దెయ్యాన్ని చేశాను.

"ఏటంతంది? మా అమ్మ గురించేనా?" అని అమ్మ నా చెయ్యి గుంజింది. నా జవాబు కోసం ఆగకుండా ఆ అమ్మాయి దగ్గరికే నడిచి, తమిళంలో అంతా చెప్పేసింది. ఇక్కడివాళ్ళు హంతూ అనే దెయ్యం కాదు, అది మా అమ్మ అంది. తమ్ముడి రాయి చూపించింది. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. కానీ ఏదైనా కాగితం ఉండాలంది. చర్చి రిజిస్టరులో ఆ బిడ్డ లేడు. జ్ఞానస్నానం లేనివాణ్ణి ఎవరు రాస్తారు? దెయ్యానికి బోర్డు ఉంది, బిడ్డకు కాగితం లేదు. బిడ్డ ఎవరో, ఈ కథ ఎలా పుట్టిందో రాసి ఇంట్లోవాళ్ళు ఇద్దరు సంతకాలు పెట్టి ఇస్తే, ఆ మూల తవ్వకుండా చర్చి కమిటీతో తాను మాట్లాడతానంది.

ఆమె కాగితం తేవడానికి వెళ్ళింది. అమ్మ తూము గట్టు మీద కూలబడింది.

"ఆ కత పాకినాకే మా అమ్మ ఇటు రావడం మానేసినాది. ఇస్కూలు బస్సు దిగిన పిల్లగుంటలు దెయ్యం దెయ్యం అని రాళ్ళేసినారు. నుదురు పగిలినాది. నీకు తెల్దు, నువ్వు సిన్నదానివి. ఎవులు కట్టినారో గానీ, ఆల్ల నోట్లో మన్ను పడ."

అమ్మమ్మ నుదుటి మీద మచ్చ నాకు తెలుసు. నీళ్ళ దగ్గర జారిపడ్డానని నాతో చెప్పింది. నేను నమ్మాను. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

కారు బానెట్ మీద కాగితం పెట్టి ఇంగ్లీషులో రాశాను. మొదటి పేరాలో బిడ్డ సంగతి. రెండో పేరాలో కథ కట్టింది నేనేనని, ఎందుకు కట్టానో, దానివల్ల అమ్మమ్మకు ఏమైందో.

"ఏటి రాసినావో సదువు" అంది అమ్మ. ఆవిడకు ఇంగ్లీషు రాదు. మొదటి పేరా తెలుగులో చదివాను.

"అంతేనా? సానా ఉందే?"

"ఇంగ్లీషులో అంత పొడుగ్గానే ఉంటుందమ్మా."

సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది. రెండో పేరా కింద వేలుతో చూపించాను. ఎస్టేట్ బడిలో నేర్చిన తమిళ అక్షరాలతో, ఒత్తి ఒత్తి, సంతకం పెట్టింది. పెన్ను నా చేతికిచ్చి నా చెంప నిమిరింది.

"మా తమ్ముణ్ణి నిలబెట్టినావు. నీ కడుపు సల్లగుండ, అమ్మీ" అంది.