బాత్మకాన్ పాత నంబరు

బాత్మకాన్ ఎండాకాలమంతా గొర్రెలతో కొండమీది మేత మైదానాల్లో ఉండి దిగొచ్చేసరికి, ఆమె ఫోన్ నంబరును కంపెనీ ఇంకొకరికి ఇచ్చేసింది.

"వాడకపోతే తీసేస్తాం పెద్దమ్మా, అది రూలు. మెసేజ్ కూడా పెట్టాం," అంది నారిన్ పట్నం బజారులో కౌంటరు పిల్ల.

"సిగ్నలే లేని చోటికి మెసేజ్ ఎట్లా వస్తుందే?"

"అది మా సెక్షన్ కాదు."

బాత్మకాన్ గొడవపడలేదు. కొత్త సిమ్ కొనుక్కుని ఇంటికొచ్చింది. మా వీధిలో ఎవరూ గొడవపడరు. ఫోన్ వచ్చాకే ఉన్ని ధర ఇంట్లో కూర్చుని తెలుసుకుంటున్నాం. రష్యాకు కూలికి పోయినవాళ్ళ సంపాదన ఫోన్లోకే వస్తోంది. ఇంత మేలు చేసిన కంపెనీని నిలదీయాలంటే మొహమాటం.

కాని ఆమె కొడుకు తిలెక్ మాస్కోలో ఉన్నాడు. వసంతంలో ఎవరి ఫోనో అడిగి తీసుకుని మాట్లాడాడు: "నా ఫోన్ కొట్టేశారమ్మా. పనిచోటు మారుతున్నా. నీ నంబరొక్కటే నోటికొచ్చు. నేనే చేస్తాలే." అంతే.

అందుకే ఆమె తన పాత నంబరుకు తనే ఫోన్ చేసింది. ఓష్‌లో టాక్సీ నడిపే ఎల్దియార్ ఎత్తాడు. సంగతంతా విని బండి పక్కకు ఆపాడు.

"ఒకడు చేశాడు పెద్దమ్మా, నేను సిమ్ వేసుకున్న కొత్తలో. 'అమ్మా' అన్నాడు. రాంగ్ నంబరని పెట్టేశా. మళ్ళీ చేస్తే తిట్టా."

"గొంతెట్లా ఉంది నాయనా? జలుబు చేసినట్టుందా?"

అతను గమనించలేదు. ఆ కాల్ వచ్చిన నంబరూ ఇప్పుడు ఫోన్లో లేదు. నంబరు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. "వద్దు. మళ్ళీ ఎండాకాలం కొండెక్కితే నా దగ్గర మోగదు. నీ దగ్గరే ఉండనీ," అంది.

శుక్రవారాలు మేం చనిపోయినవాళ్ళ పేరున నూనెలో రొట్టెలు వేయిస్తాం. బాత్మకాన్ మొగుడి పేరున వేయిస్తుంటే, తిలెక్ పేరూ తలుచుకోమంది ఒక పొరుగావిడ. బాత్మకాన్ మూకుడు దించేసి ఎల్దియార్‌కు ఫోన్ చేసింది.

"ఫోన్ ఆపలేదు కదా నాయనా?"

"లేదు పెద్దమ్మా. స్నానానికి పోయినా మోగితే సబ్బు నురగతోనే పరిగెత్తమంటావా?"

"పరిగెత్తు. చలికి చావవులే."

మీ చేతిలోని నంబరు మీకు ముందు ఎవరిదో! ఎవరైనా 'అమ్మా' అని పిలిస్తే పెట్టేయకండి. పేరడగండి, ఎక్కడున్నాడో అడగండి, రాసిపెట్టుకోండి. మేతకు పోయిన మనుషులు దిగొచ్చేదాకా వాళ్ళ నంబర్లు ఎవరికీ ఇవ్వొద్దని కంపెనీ కౌంటరు దగ్గర గట్టిగా అడగండి. మా సెక్షన్ కాదంటారు. అక్కణ్ణుంచి కదలకండి.